దారిలో ఇద్దరు

ఒంటిమీద తెల్లటి అంగీ, నెత్తిన గొడుగులాంటి గడ్డి టోపీ, చేతిలో కర్ర. జపాన్‌లోని షికోకు దీవిలో ఇలాంటి మనిషి ఎదురైతే చాలు... 'హెన్రో' వస్తున్నాడని ఊళ్లోవాళ్లకు తెలిసిపోతుంది. హెన్రో అంటే యాత్రికుడు. దీవి చుట్టూ ఉన్న 88 బౌద్ధాలయాలను దర్శించుకోవాలంటే దాదాపు 1,200 కిలోమీటర్లు తిరగాలి. బస్సుల్లో, కార్లలో చుట్టివచ్చేవారే ఎక్కువ. నడిచేవారికి మాత్రం నలభై యాభై రోజులు పడుతుంది.

ఈ యాత్రంతా కూకై (774-835) అనే బౌద్ధ గురువు పేరుతో ముడిపడింది. భక్తులు ఆయన్ని కోబో దైషి అంటారు. ఒంటరిగా నడిచేవారి పక్కన ఆయన ఉంటాడని నమ్మకం. అందుకే టోపీమీద 'దోగ్యో నినిన్' అని రాసి ఉంటుంది. 'దారిలో ఇద్దరం' అని అర్థం. చేతికర్రే ఆ గురువు. రాత్రి బసకు చేరగానే ముందు కర్ర మొన కడగాలి. వంతెనల మీద దాన్ని నేలకు ఆనించకూడదు. ఒకప్పుడు ఆయన వంతెన కింద పడుకున్నాడట మరి, నిద్ర చెడిపోదూ!

తెల్లబట్టల సంగతి వేరు. అవి శవానికి తొడిగే బట్టలు. వెనకటి రోజుల్లో యాత్రలోనే కన్నుమూసినవారెందరో. అక్కడే పూడ్చి, వాళ్ల కర్రనే సమాధి గుర్తుగా పాతేవారు. పాత బాటల పక్కన యాత్రికుల సమాధి రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇలాంటి దారికి ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు రావడంలో వింతేముంది! భార్య పోయిన భర్త, బిడ్డ పోయిన తల్లి... సంచిలో ఫొటో పెట్టుకుని బయల్దేరతారు. టోపీమీద రాసిన ఆ ఇద్దరిలో రెండోవారు ఎవరో ఇక వాళ్లకే తెలియాలి. గుడిగుడికీ అగరొత్తులు వెలిగించి, సూత్రం చదివి, పుస్తకంలో ముద్ర వేయించుకుంటారు. 88 ముద్రలూ నిండిన పుస్తకాన్ని శవపేటికలో పెట్టే ఆచారమూ ఉంది.

అస్థికలు గోదావరిలో కలిపి సాయంత్రానికి ఇల్లు చేరే మనకు ఇది మరీ సుదీర్ఘమైన తంతు అనిపించవచ్చు. కిటుకంతా ఆ దూరంలోనే ఉంది. 23వ గుడి యాకుఓజి దాటాక 24వది చేరాలంటే 75 కిలోమీటర్లు. రెండు మూడు రోజులు దర్శనం లేదు, ముద్ర లేదు. ఒకపక్క కొండ, మరోపక్క పసిఫిక్ హోరు. ఇంట్లో ఏడిస్తే 'ఊరుకో' అనేవాళ్లుంటారు. ఇక్కడ ఎవరూ అనరు. పోయినవారితో పోట్లాడొచ్చు, చెప్పకుండా మిగిలిపోయిన మాట పైకే చెప్పేయొచ్చు.

మధ్యమధ్య ఊళ్లలో ఎవరో ఒకరు పిలిచి టీ ఇస్తారు, నారింజలు చేతిలో పెడతారు. దీన్ని 'ఒసెత్తాయ్' అంటారు. కాదనకూడదు. ఇచ్చినవారికీ యాత్ర పుణ్యంలో వాటా ఉంటుంది.

చివరిది 88వ గుడి, ఒకుబోజి. చాలామంది కర్రను అక్కడే వదిలేస్తారు. కొందరికి మాత్రం చేతులు రావు. మొన అరిగి పొట్టిదైపోయిన ఆ కర్రను ఇంటికి తెచ్చుకుంటారు.