నడివయసున కుళాయిపని: నేర్చుకొను తావులు, పెట్టుబడి మార్గములు

వర్షాధారపు పొలములు గల మన సభ్యులలో ముప్పది, నలువది యేండ్లు దాటినవారు కొందఱు, సేద్యము విడిచియో, సేద్యముతోబాటుగనో మఱియొక చేతిపనిని చేపట్టవలెనని యోచించుచున్నారు. వారిలో పలువురి చూపు ప్లంబరు పనిమీదికి మరలుచున్నది. ఇందుకు కారణము లేకపోలేదు. 2019 ఆగస్టు 15వ తేదీన జల జీవన్ మిషన్ ప్రకటింపబడిననాటికి దేశమునందలి పల్లెలలో కుళాయి గల ఇండ్లు సుమారు 3.23 కోట్లు మాత్రమే. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటినది. తెలంగాణమున మిషన్ భగీరథ పథకము 2016 ఆగస్టులోనే గజ్వేలు ప్రాంతమున ప్రారంభింపబడినది. గొట్టము వేసిన ప్రతిచోటను అది యొకనాడు కారును, పూడును, పగులును. వేయువారు కాంట్రాక్టరుతో వచ్చి పని ముగించుకొని వెడలిపోవుదురు. బాగుచేయువాడు మాత్రము ఊరిలో నుండవలెను.

ఈ పనిని గూర్చి మమ్ము ప్రశ్నించువారందఱును మొట్టమొదట అడుగునది, "ఫీజు ఎంత?" అని. ఆ ప్రశ్న రెండవదిగా నుండవలెనని మా యభిప్రాయము. ఈ విద్యకు ప్రభుత్వపు తావులలో ఫీజు లేదు, ఉన్నను స్వల్పము. మొదటి ప్రశ్న వేఱు: నేర్చుకొను ఆ నెలలలో ఇల్లు గడుచుట ఎట్లు? దినమునకు 600 రూపాయల కూలి తెచ్చు నొక సభ్యుడు నెలకు 25 దినములు పనిచేయుననుకొందము. అతడు మూడు నెలలు శిక్షణకు పోయినయెడల ఇంటికి రాకపోవునది 45,000 రూపాయలు. ఒక సంవత్సరము పోయినయెడల 1,80,000 రూపాయలు. పిల్లవానికి ఈ లెక్క లేదు, సంసారికి ఉన్నది. కావున ఏ మార్గము మంచిదని విచారించుటకు ముందు, ఏ మార్గము ఎన్ని నెలల కూలిని మ్రింగునో చూచుకొనవలెను.

సంవత్సరపు చదువు ఐ.టి.ఐ.లలో నున్నది. అందు ప్లంబరు తరగతికి ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత చాలును. కనిష్ఠ వయస్సు 14 ఏండ్లు. కేంద్ర నిబంధనలలో గరిష్ఠ వయఃపరిమితి లేదు. నలువది యేండ్లవాడును పోవచ్చును. ఇక్కడ లభించు జాతీయ పత్రమునకు మిగిలిన వానికంటె విలువ హెచ్చు. ప్రభుత్వ నీటిసరఫరా శాఖలలోను, కర్మాగారములలోను ఉద్యోగమునకు పోదలచినవారికి ఇదియే రాజమార్గము. అయినను భార్యాబిడ్డలు గలవాడు ఒక్క ఏడాది సంపాదన వదలుకొనుట సామాన్యమైన విషయము కాదు. ఇంట రెండవ సంపాదన గలవారికే దీనిని మేము సిఫారసు చేయుదుము.

తక్కినవారికి బ్యాంకులవారు జిల్లాలలో నడుపుచున్న గ్రామీణ స్వయంఉపాధి శిక్షణ సంస్థలు మేలు. వీనికి మూలము 1982లో కర్ణాటకమున ధర్మస్థల చెంతనున్న ఉజిరెలో నెలకొల్పబడిన సంస్థ. ధర్మస్థల క్షేత్రమువారును, సిండికేటు, కెనరా బ్యాంకులవారును కలిసి దానిని స్థాపించిరి. ఆ మాదిరి బాగుగ నడచుటచేత 2009 మొదలు దేశమంతట జిల్లాకొక సంస్థ ఏర్పడసాగినది. శిక్షణ సుమారు నెలదినములు. భోజనము, వసతి ఉచితము. చేరుటకు 18 ఏండ్లు నిండవలెను. గరిష్ఠ పరిమితి చాలకాలము 45గా నుండెను. నెల శిక్షణతో ఎవడును మేస్త్రి కాజాలడు. అయినను శిక్షణ ముగిసినపిదప రెండేండ్లవఱకు సంస్థవారు విచారించుచు, బ్యాంకు అప్పు దొరకుటకు తోడ్పడుదురు. ఈ రెండవ భాగమే మొదటిదానికంటె విలువైనది.

చదువు బొత్తిగా లేనివారికి జన శిక్షణ సంస్థానులు కలవు. ఇవి 1967లో బొంబాయిలో శ్రామిక విద్యాపీఠమను పేర మొదలైనవి. 2000 సంవత్సరమున ఇప్పటి పేరు వచ్చినది. నిరక్షరాస్యులు మొదలు బడి మధ్యలో మానినవారివఱకు చేర్చుకొందురు. హైదరాబాదులో న్యాక్ అని పిలువబడు నిర్మాణపు పనుల శిక్షణాలయము 1998లో ఏర్పడినది. తాపీపని, విద్యుత్ పనులతోబాటు ప్లంబరు పనియు అందు నేర్పుచున్నారు.

ఇక మన రైతులకు ప్రత్యేకముగ పనికివచ్చు మార్గమొకటి కలదు. దానిని తెలిసినవారు తక్కువ. బోరులోనికి మోటారు దింపి, గొట్టములు బిగించి, డ్రిప్పు పరచి, పొలముగట్టున లీకు కట్టిన రైతు ఈ పనిలో సగము ముందే యెఱిగినవాడు. పూర్వము నేర్చిన పనిని పరీక్షించి పత్రమిచ్చు పద్ధతి, 2015 జూలైలో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేర్చబడినది. దాని నాల్గవ దశలో క్రొత్తగ నేర్చుకొనువారికి 45 ఏండ్ల పరిమితి విధించి, పూర్వానుభవమునకు పత్రము పొందువారికి మాత్రము 59 ఏండ్లవఱకు అవకాశమిచ్చిరి. కొన్ని దినముల తరగతి, పిదప పరీక్ష, కూలినష్టము స్వల్పము. ఈ దశకు 2026 మార్చి వఱకే ఆమోదముండినది. అటుపిమ్మటి నిబంధనలను జిల్లా నైపుణ్యాభివృద్ధి అధికారి కార్యాలయమున విచారించి పోవలెను.

అయితే సగము తెలిసినవానికి మిగిలిన సగము తెలియదను మాట మఱువరాదు. పొలమున వాడు పి.వి.సి. గొట్టపు జిగురుతో వేడినీటి సి.పి.వి.సి. గొట్టమును అతికినచో ఆ అతుకు నిలువదు; దానికి జిగురు వేఱు. పొలమున నీరు పాఱినచో చాలును. ఇంటిలో మురుగు పాఱవలెను, దుర్గంధము వెనుకకు రాకూడదు. స్నానపుగది క్రింద వంపుగొట్టములో ఎల్లప్పుడు కొంత నీరు నిలిచియుండునట్లు అమర్చుట ఇందుకొఱకే. నీరు పల్లమెఱుగును గాని, ఎంత పల్లమో పనివాడెఱుగవలెను. నాలుగంగుళముల మురుగు గొట్టమునకు నలువది అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చుట వాడుక. వాలు తగ్గిన మురుగు నిలుచును. మితిమీఱి హెచ్చినను నీరు ముందుగ జాఱిపోయి గట్టిపదార్థము వెనుకబడును. రసమట్టము చేతబట్టని ప్లంబరును ఇంటిలోనికి రానీయకుండుట యజమానికి శ్రేయస్కరము.

బడి అక్కఱలేకయే ఈ విద్య నేర్చిన రైతులు మన పొరుగుననే కలరు. ఒడిషాలోని కేంద్రపడా జిల్లా మహానది, బ్రాహ్మణి, బైతరణి నదుల డెల్టాలోనిది. వరదలు పంటను కొట్టుకొనిపోవుట అక్కడ అలవాటైన సంగతి. పట్టాముండై, ఔల్ ప్రాంతముల రైతుబిడ్డలు 1930 ప్రాంతముననే కలకత్తాకు పోయి ఆంగ్ల కంపెనీలవద్ద గొట్టపుపనిలో సహాయకులుగా చేరిరని చెప్పుదురు. 1947లో దేశవిభజన కాగా, పనిలో ఆఱితేరిన మేస్త్రీలు పెక్కండ్రు తూర్పు పాకిస్థానమునకు తరలిపోయిరి. వారిక్రింద పనిచేసిన ఒరియావారే మేస్త్రీలైరి. పిదప అన్న తమ్ముని, మామ మేనల్లుని పిలిపించుకొనుచు దేశములోని నగరములన్నింటికిని, అరబ్బు దేశములకును వ్యాపించిరి. ప్రభుత్వము పట్టాముండైలో ప్లంబింగు విద్యాలయమును స్థాపించినది 2010లో మాత్రమే. అనగా విద్య ముందు, బడి తరువాత.

వారికి పెట్టుబడి యెవరిచ్చిరి? బ్యాంకు కాదు, సర్కారు కాదు. ముందు పోయిన బంధువు తన గదిలో చోటిచ్చి అన్నము పెట్టెను. మేస్త్రి క్రింద సహాయకుని కూలి వచ్చెను. నేర్చుకొను కాలమునందే కూలి దొరకుటచేత ఇంటికి అప్పు కాలేదు. మన సభ్యులకును ఇదియే అందఱికంటె చౌకయైన దారి. అయితే లోపమొకటి కలదు: అట్లు నేర్చినవానివద్ద పత్రముండదు, మేస్త్రి ఎఱిగినంతమట్టుకే అతడెఱుగును. ఏడాదో, రెండేండ్లో చేతిక్రింద పనిచేసి, పిమ్మట పైన చెప్పిన పూర్వానుభవపు పత్రమును పొందుట ఉత్తమము. చట్టబద్ధమైన అప్రెంటిసు పద్ధతియు 1961 నాటి చట్టము క్రింద నున్నది. 2019లో సవరించిన నిబంధనలలో చదువునుబట్టి నెలకు 5,000 మొదలు 9,000 రూపాయలవఱకు కనిష్ఠ భృతి నిర్ణయింపబడినది; అందొక భాగమును, నెలకు 1,500 రూపాయలకు మించకుండ, ప్రభుత్వము భరించుచు వచ్చినది. కాని ఈ సహాయమును 35 ఏండ్లలోపు వారికే పరిమితము చేసిరి. నడివయసువారికి ఇది చాలవఱకు మూసిన తలుపు.

ఇక అప్పు మాట. శిక్షణకై అప్పు చేయవలదు, పనిముట్లకై చేయవచ్చును. పైపు రెంచి, మరలు కోయు డై, ఱంపము, డ్రిల్లు యంత్రము వీనికి, 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్రా పథకమున 50,000 రూపాయలవఱకు గల శిశు అప్పు సరిపోవును, తనఖా అక్కఱలేదు. కొట్టు పెట్టి సామాను నిలువచేయదలచినవారికి 5 లక్షలవఱకు గల రెండవ తరగతి అప్పు ఉన్నది. మొదటి సంవత్సరముననే దీనికి పోవుట మంచిదికాదని మా తలంపు. పంట అప్పును దీనికి మరలించుట మాత్రము ఎన్నటికిని కూడదు. ఆ అప్పు పంటతో తీరవలసినది; గడువు దాటినచో వడ్డీ రాయితీ పోవును, మఱుసటి యేటికి ఎరువునకు పైకము దొరకదు. మఱియొక పొరపాటును గూర్చియు హెచ్చరింపవలసియున్నది. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకము ప్లంబరునకును వర్తించునని చాలమంది తలంచుచున్నారు. అందలి 18 వృత్తులలో తాపీపని, వడ్రంగము ఉన్నవి గాని ప్లంబరు పని లేదు.

దుబాయి, మస్కటు ఉద్యోగముల పేర పొలము తనఖా పెట్టించు దళారులున్నారు. 1983 నాటి వలసల చట్టము క్రింద లైసెన్సు గల ఏజెంటు 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి సేవారుసుము గ్రహింపరాదు. లక్షలు అడుగువాడు చట్టమునకు వెలుపలివాడని తెలిసికొనవలెను. తెలంగాణమున టామ్‌కామ్, ఆంధ్రమున ఓమ్‌క్యాప్ అను సర్కారు సంస్థలే విదేశోద్యోగములకు మనుష్యులను పంపుచున్నవి. ముందుగ వాని ద్వారము తట్టుట యుక్తము.

మరుగుదొడ్డి తొట్టిలోనికి దిగుమని యజమాని కోరినచో, ఎంత కూలి యిచ్చినను, కొత్త పనివాడు దిగరాదు. లోపలి విషవాయువు ఒక్క శ్వాసతో మనిషిని కూలద్రోయును. అతనిని పైకి తీయబోయినవాడును ప్రాణము కోల్పోవుట తఱచు. రక్షణ సాధనములు లేక మనుష్యులను అందు దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. ఈ సంగతి ఇంటివారికి చెప్పి, యంత్రపు బండిని పిలిపించుడని చెప్పవలెను.

మన సంఘములు చేయదగిన పనియు నొకటి గలదు. 2021 జూలైలో ప్రత్యేక సహకార మంత్రిత్వశాఖ ఏర్పడినపిమ్మట, 2023లో ప్రాథమిక సంఘములకు మాదిరి ఉపనిబంధనలు వెలువడినవి. గ్రామములోని నీటిసరఫరా పథకమును నడుపు బాధ్యతను వహించుటకును ఈ సంఘములకు అర్హత కల్పింపబడినది. సంఘము ఆ పనిని చేపట్టిన యెడల, శిక్షణ పొందిన సభ్యునకు నెలజీతము దొరకును. ఊరికి కుళాయి మఱమ్మతు దొరకును. అతడు శిక్షణలోనున్న నెలలయందు ఇంటిఖర్చునకు కొంత చేబదులిచ్చి, పిదప జీతమునుండి వాయిదాలుగా మినహాయించుకొనుట సంఘపు శక్తికి మించినది కాదు. పాలకవర్గము ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టుట మంచిది; తీర్మానము లేక ఏ చేబదులును ఈయరాదు.

వేసవిలో పొలము ఖాళీగ నుండును గనుక నెలదినముల శిక్షణకు అదియే అనువైన కాలము. దరఖాస్తునకు పోవువారు ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, చదువు పత్రమున్నచో అదియు, నాలుగు ఛాయాపటములును వెంట తీసికొనిపోవలెను. రశీదు లేకుండ ఎవరికిని ఒక్క రూపాయియైన ఇయ్యవలదు.