రాసిన కోడ్‌నే మళ్లీ రాయండి.. కొత్త ఐడియాలు పుట్టేది అక్కడే!

కోడింగ్ బాగా రావాలంటే రోజుకో కొత్త యాప్ చేయాలనుకుంటారు చాలామంది. నా సలహా వేరు. ఒకే చిన్న ప్రోగ్రామ్‌ను ఐదుసార్లు రాయండి. బోర్ కొడుతుందా? కొడుతుంది. కానీ బుర్ర కొత్తదారి వెతికేది అప్పుడే.

ఏమిటీ ‘కోడ్ కటా’?

కరాటేలో ఒకే వరుస కదలికలను మళ్లీ మళ్లీ సాధన చేస్తారు. దాన్నే ‘కటా’ అంటారు. ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ రచయితల్లో ఒకరైన డేవ్ థామస్ ఈ పేరును ప్రోగ్రామింగ్‌లోకి తెచ్చారు. మనకిదేం కొత్త కాదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు గొంతులో కుదిరాకే కదా కల్పన స్వరాలు పాడేది!

మూడోసారి ఏం జరిగిందంటే..

నేను ఎంచుకున్న కటా, జాన్ కాన్వే రూపొందించిన ‘గేమ్ ఆఫ్ లైఫ్’. 1970లో వెలుగులోకి వచ్చిన ఆట ఇది. గళ్ల కాగితం ఊహించుకోండి. ప్రతి గడి చుట్టూ 8 గళ్లు. బతికున్న గడి చుట్టూ 2 లేదా 3 బతికున్నవి ఉంటే అది నిలుస్తుంది, లేదంటే పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా 3 ఉంటే అక్కడ కొత్తది పుడుతుంది.

మొదటిసారి పైథాన్‌లో లిస్టులో లిస్టు పెట్టి, ప్రతి గడినీ లూప్‌తో చెక్ చేశా. రెండోసారీ దాదాపు అంతే, కాస్త వేగంగా అయ్యింది. మూడోసారికి రూల్స్ గురించి ఆలోచించే పనే లేదు. అప్పుడొచ్చింది అసలు ప్రశ్న: ఖాళీ గళ్లను దాచుకోవడం ఎందుకు? బతికున్న గళ్ల అడ్రస్‌లు మాత్రమే ఒక సెట్‌లో పెట్టా. బోర్డు అంచుల గొడవే పోయింది!

ఏఐ ఉండగా ఇదంతా ఎందుకు?

ఏఐని అడిగితే సెకన్లలో కోడ్ ఇస్తుంది, నిజమే. కానీ లిస్టు దారి మంచిదా, సెట్ దారి మంచిదా అని మన పనిని బట్టి తేల్చుకోవాల్సింది మనమే. రెండూ సొంతంగా రాసి చూసినవాళ్లకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇలా మొదలుపెట్టండి

* ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 యాప్ చాలు, నెట్ లేకుండానే పైథాన్ కోడ్ రన్ అవుతుంది. బ్లూటూత్ కీబోర్డు ఉంటే ఇంకా హాయి.
* 45 నిమిషాలకు టైమర్ పెట్టండి. టైమ్ అయ్యాక కోడ్ డిలీట్ చేసేయండి. ‘కోడ్ రిట్రీట్’ అనే ప్రాక్టీస్ సెషన్లలో పాటించే పద్ధతి ఇదే. పాత కోడ్ కళ్ల ముందుంటే చెయ్యి దాన్నే కాపీ కొడుతుంది.
* ప్రతిసారీ ఒక్క షరతు మార్చండి. ఒకసారి లూప్ వాడకుండా, ఇంకోసారి ‘ఇఫ్’ లేకుండా, మరోసారి ఏ ఫంక్షనూ 5 లైన్లు దాటకుండా. షరతు మార్చకుండా రాస్తే అది టైపింగ్ ప్రాక్టీసే అవుతుంది.

ముందు మూడుసార్లు రాసి చూడండి. నాలుగోసారి రాయమని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.