ఇంటిల్లిపాదికీ పాతకాలపు కారు

అంబాసిడర్ కారు పొడవు 4.3 మీటర్లకు కాస్త ఎక్కువ. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే మధ్యతరగతి సెడాన్లలో చాలావాటి పొడవు నాలుగున్నర మీటర్ల పైమాటే. అయినా అంబాసిడర్ వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు తల వంచకుండా, మోకాళ్ళు ముందు సీటుకు తగలకుండా కూర్చోగలరు. పొడవు తక్కువైనా చోటు ఎక్కువ ఎలా వచ్చిందో తెలిస్తే, పెద్ద కుటుంబానికి పాతకాలపు కారు ఎంచుకోవడంలో సగం పని అయినట్టే.

దీనికి మొదటి కారణం సీటు ఎత్తు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలు దాదాపు లంబకోణంలో వంగి, పిక్కలు నేరుగా కిందికి దిగుతాయి. అదే పీట మీద కూర్చుంటే కాళ్ళు ముందుకు చాచక తప్పదు. కారు సీటుకూ ఇదే సూత్రం. సీటు నేలకు దగ్గరయ్యేకొద్దీ ఒక్కొక్కరికీ ముందువెనకల ఎక్కువ చోటు కావాలి. సీటు ఎత్తయ్యేకొద్దీ ఆ చోటు తగ్గుతుంది, బదులుగా కప్పు పైకి లేవాలి. అంబాసిడర్ ఎత్తు సుమారు 1.6 మీటర్లు. నేటి సెడాన్లు గాలిని చీల్చుకుపోవడం కోసం కప్పును ఒకటిన్నర మీటరు దరిదాపులకు దించేశాయి. నడుము నొప్పి ఉన్న తాతగారు అంబాసిడర్ లోకి అడుగుపెట్టి కూర్చోవచ్చు, కొత్త సెడాన్లోకి మాత్రం ఒంగి దిగాలి. పెద్దవాళ్ళున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఈ ఆకారం బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో అంబాసిడర్‌ను 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేసింది. తెలుగు ఊళ్ళలో ట్యాక్సీ స్టాండులోనూ, కలెక్టరాఫీసు ముందూ, పెళ్ళి ఊరేగింపులోనూ దశాబ్దాలపాటు కనిపించింది ఈ గుండ్రని కప్పే.

రెండో కారణం ముందు సీటు. పాత అంబాసిడర్లలో ముందు కూడా విడివిడి సీట్లు కాకుండా ఒకటే బెంచీ సీటు ఉండేది. గేరు కాడ నేల మీద కాక స్టీరింగు పక్కనే ఉండడంతో మధ్యలో మరొకరికి కాళ్ళు పెట్టుకునే వీలుండేది. 1992లో 1.8 లీటర్ల ఇసుజు ఇంజనుతో వచ్చిన రకంలో ఐదు గేర్లు, 75 హార్స్‌పవర్ వచ్చాయి గానీ, గేరు కాడ నేలకు దిగింది, ముందు విడివిడి సీట్లూ వచ్చాయి. ఒకవైపు బలం పెరిగింది, మరోవైపు ఒక చోటు తగ్గింది. కొనేవాళ్ళు తేల్చుకోవలసిన అసలు సంగతి ఇక్కడే ఉంది. రిజిస్ట్రేషను పుస్తకంలో రాసినంతమందే ఎక్కాలన్న చట్టాన్ని పాటించేవాళ్ళకు ముందు బెంచీ వల్ల ఒరిగేది తక్కువ, ఇసుజు ఇంజను వల్ల కలిసొచ్చేది ఎక్కువ.

ఇక కింద, నేల మధ్యలో, ఒక గూను ఉంటుంది. ఇంజను ముందు, తోలే చక్రాలు వెనక ఉన్న కార్లన్నిటికీ ఇది తప్పదు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేరవేసే పొడవాటి షాఫ్టు ఆ గూను కిందే తిరుగుతుంది. వెనక సీట్లో మధ్యన కూర్చున్నవాళ్ళు దానికి అటొక కాలు, ఇటొక కాలు వేసుకోవాలి. అందుకే ఆ చోటు ఎప్పుడూ ఇంట్లో చిన్నవాళ్ళదే అవుతుంది.

ఆ షాఫ్టే లేకపోతే ఎంత చోటు మిగులుతుందో 1950ల నాటి యూరప్ కార్లు రెండు చూపించాయి. 1950లో తయారీ మొదలైన జర్మనీ వోక్స్‌వాగన్ వ్యానులో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లే. అంబాసిడర్‌కు అది 2.46 మీటర్లు. మొత్తం పొడవు కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఆ వ్యానులో ఎనిమిది తొమ్మిది మంది పట్టేవారు, ఎందుకంటే ఇంజను వెనక్కి వెళ్ళింది, డ్రైవరు ముందు చక్రాల మీదికి వచ్చాడు, బానెట్ అనేదే లేకుండా పోయింది. ఇటలీలో 1956లో వచ్చిన ఫియట్ 600 మల్టిప్లా ఇంకా విడ్డూరం. దాని పొడవు మూడున్నర మీటర్లు, ఇంజను 633 సి.సి., అయినా మూడు వరుసల్లో ఆరుగురు కూర్చునేవారు. మన దేశంలో అదే ఫియట్ వంశం నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని పొడవు 3.93 మీటర్లు ఉండి కూడా ఐదుగురితోనే సరిపెట్టుకుంది. పద్మిని మన్నికైన కారే, నడపడానికి తేలికే. కానీ వెడల్పు 1.46 మీటర్లే కావడంతో వెనక ముగ్గురు పెద్దవాళ్ళకు భుజాలు రాసుకుంటాయి. నలుగురున్న ఇంటికి అది చాలు, పెద్ద కుటుంబానికి చాలదు.

1984లో వచ్చిన కాంటెస్సా కథ వేరు. చక్రాల మధ్య 2.67 మీటర్లు, పొడవు 4.59 మీటర్లు. డిక్కీ విశాలం, ప్రయాణం మెత్తన. అయితే సీట్లు కిందికి ఉంటాయి కనుక కాళ్ళు చాచుకునే నలుగురికి అది రాజభోగం, సర్దుకుని కూర్చునే ఐదుగురికి అంబాసిడరే మేలు.

చోటు సరిపోయిందంటే బరువు కూడా సరిపోయినట్టు కాదు. ఖాళీ అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు. ఐదుగురు పెద్దవాళ్ళు, 50 కిలోల సామాను ఎక్కితే మరో 400 కిలోలు చేరుతుంది. ఇందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీద, అంటే కమాను కట్టల మీద పడుతుంది. ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఈ కమాన్లు బరువుకు వంగుతూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడే కొంత కుదుపును మింగేస్తుంది. ఏళ్ళ తరబడి బరువు మోసిన కమాను తన వంపు కోల్పోయి చదునైపోతుంది. అప్పుడు కారు వెనక్కి కూలబడి, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలోకి లేస్తుంది, ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. కొనేముందు కారును ఒంటరిగా నడిపి చూస్తే ఇదేదీ తెలియదు. ఇంట్లో అందరినీ ఎక్కించి, గతుకుల దారిలో రెండు కిలోమీటర్లు తిప్పితే తెలుస్తుంది.

బ్రేకుల దగ్గర ఈ బరువు మరింత కఠినంగా లెక్కకు వస్తుంది. 1,500 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఆగిందంటే, దాని చలనశక్తి దాదాపు మొత్తం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఆ వేడితో లీటరుంబావు నీళ్ళను మరుగు స్థాయికి తేవచ్చు. అదే 40 వేగమైతే వేడి నాలుగో వంతే. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు లెక్క ఇంకా పెరుగుతుంది. ఇదే బరువుతో ఎత్తు 100 మీటర్లు తగ్గేసరికి ఐదు లీటర్ల నీళ్ళు మరిగేంత శక్తి విడుదలవుతుంది. తిరుమల కొండ దిగే దారి, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, అలాంటి దిగుడును వందల మీటర్ల మేర పెడుతుంది. పాత కార్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తే లోపలి బ్రేకు షూలకు దూరమవుతుంది, పెడల్ లోలోపలికి పోతుంది, లైనింగు పట్టు కూడా సడలుతుంది. అందుకే ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేవారు. రెండో గేరులో ఇంజనే కారును పట్టి ఉంచుతుంది, ఆ శక్తిలో కొంత రేడియేటరు గుండా, సైలెన్సరు గుండా బయటికి పోతుంది. గాలి తగిలే డిస్క్ బ్రేకులు ముందు చక్రాలకున్న తరువాతి కాలపు అంబాసిడర్ దొరికితే, కుటుంబానికి అదే ఎంచుకోవలసినది.

ఎండాకాలం మరో చిక్కు తెస్తుంది. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం 40 డిగ్రీల దరిదాపుల్లోనే మరగడం మొదలుపెడుతుంది. పాత కార్లలో పెట్రోలు పంపు ఇంజనుకే అతుక్కుని ఉండి, వెనకనున్న ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. రాయలసీమలో, తెలంగాణలో మే నెల మధ్యాహ్నం నిండు బరువుతో మెల్లగా ఎత్తు ఎక్కుతుంటే బానెట్ కింద వేడి పేరుకుని, గొట్టంలో పెట్రోలు ఆవిరి బుడగలవుతుంది. పంపు ఆవిరిని లాగలేక కారు ఆగిపోతుంది. అప్పుడు డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేవారు. మట్టికుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే అది. గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపు వేడిని లాక్కుంటుంది. ట్యాంకు దగ్గర ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు పెడితే పెట్రోలును పీల్చడం బదులు నెట్టడం జరుగుతుంది, పీడనం పెరిగి మరిగే ఉష్ణోగ్రత పైకి పోతుంది, జబ్బు చాలావరకు కుదురుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కనుక, పాతకాలపు రబ్బరు గొట్టాలన్నీ అదే చేత్తో మార్చేయాలి. వాటిని ఇథనాల్ ఉబ్బించి, పగలగొడుతుంది.

ఇంజనును ఎప్పుడైనా విప్పి బాగుచేయవచ్చు. బాడీ అలా కాదు. అంబాసిడర్‌కు విడిగా చట్రం లేదు, రేకు డబ్బాయే మొత్తం బరువు మోస్తుంది. తలుపుల కింది గట్టు, కమాను బిగించే చోటు, కార్పెట్ కింది నేల తుప్పుపట్టాయంటే మోసే ఎముకే పుచ్చినట్టు. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళలో తిరిగిన కార్లకు గాలిలోని ఉప్పు ఈ తుప్పును త్వరపెడుతుంది. పైన మెరిసే రంగు కింద పుట్టీ దాగి ఉండవచ్చు. మెత్తని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింద వెంబడి జరుపుతూ పోతే, రేకున్న చోట అది పట్టుకుంటుంది, పుట్టీ ఉన్న చోట జారి చేతిలో పడుతుంది. తలుపు తెరిచి కొస పట్టుకుని పైకి ఎత్తితే కదిలిందంటే, బందులు అరిగాయి, లేదా వాటిని మోసే స్తంభం బలహీనపడింది.

బెల్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత కార్లలో చాలావాటికి వెనక సీటు బెల్టులు లేవు. కొత్తగా పెట్టించుకోవచ్చు, కానీ రేకుకు ఊరికే బోల్టు బిగిస్తే గుద్దుకున్నప్పుడు రేకు చిరిగి ఊడివస్తుంది. వెనక నుంచి మందపాటి ఉక్కు పలక ఆసరా వేయించాలి. పిల్లలు ఎక్కే కారులో ఈ పని వాయిదా వేయదగ్గది కాదు.

చివరగా కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తరవాత పరీక్ష చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నియమాలు 2021లో వచ్చాయి. వాటి నంబరు పలక మీద వి.ఎ. అన్న అక్షరాలుంటాయి, నమోదు పదేళ్ళు చెల్లుతుంది. అయితే అలా నమోదైన కారును ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, ఇంధనం నింపుకోవడానికే రోడ్డెక్కించాలి. రోజూ పిల్లల్ని బడికి దింపడానికీ, పండక్కి ఊరు వెళ్ళడానికీ కారు కావాలనుకునే కుటుంబం మామూలు రిజిస్ట్రేషను ఇంకా చెల్లుతున్న కారునే వెతుక్కోవాలి.