ఆటకు ముగ్గు పోసే కమాండ్

ఇల్లు కట్టేవాళ్లు ఇటుక పేర్చడానికి ముందు నేల మీద ముగ్గు పోస్తారు. గది ఎక్కడో, గుమ్మం ఎటో ఆ తెల్లగీతలే చెబుతాయి. కంప్యూటర్ గేమ్‌కూ అలాంటి ముగ్గు ఉంది. దాన్ని పోయడానికి ఒక్క కమాండ్ చాలు.

‘బెవీ’నే తీసుకుందాం. కార్టర్ ఆండర్సన్ 2020 ఆగస్టులో విడుదల చేసిన ఉచిత గేమ్ ఇంజిన్ ఇది. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. తెరపై బొమ్మ గీయడం, మీట నొక్కితే గుర్తించడం, శబ్దం వినిపించడం లాంటి ప్రతి ఆటకూ కావలసిన పనులు ఇంజిన్ చూసుకుంటుంది.

ముగ్గు పోసేది మాత్రం రస్ట్‌తో పాటు వచ్చే ‘కార్గో’ అనే సాధనం. టెర్మినల్‌లో ‘కార్గో న్యూ’ అని, పక్కనే ఆట పేరు టైప్ చేస్తే క్షణంలో ఓ ఫోల్డర్ తయారవుతుంది. అందులోని ‘కార్గో.టామ్ల్’ ఫైలులో ఆట పేరు, వెర్షన్, కావలసిన లైబ్రరీల జాబితా ఉంటాయి. ‘మెయిన్.ఆర్ఎస్’ ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు. ‘కార్గో యాడ్ బెవీ’ అంటే ఆ జాబితాలో ఇంజిన్ చేరుతుంది.

అయితే అసలు చిక్కులు ఇక్కడినుంచే. బెవీ బొమ్మల కోసం, శబ్దాల కోసం ‘అసెట్స్’ అనే ఫోల్డర్‌లో వెతుకుతుంది. ‘కార్గో న్యూ’ దాన్ని తయారు చేయదు. ఫైలు మరోచోట పెడితే బొమ్మ కనబడదు. ఇంకొకటి: రస్ట్ మామూలుగా తయారుచేసే డీబగ్ ప్రోగ్రామ్‌లో వేగం కోసం చేసే మెరుగులు ఉండవు. ఆట నత్తనడక నడిస్తే కొత్తవాళ్లు ఇంజిన్‌నే తప్పుపడతారు. కార్గో.టామ్ల్‌లో మన కోడ్‌కు 1, లైబ్రరీలకు 3 అని మెరుగుల స్థాయి రాస్తే ఆట పరుగందుకుంటుంది.

ఇలాంటివన్నీ ముందే సర్దిపెట్టిన నమూనాలు ఉన్నాయి. ‘కార్గో జెనరేట్’ అనే సాధనం ఆ నమూనాను కాపీ చేసి, పేరు కోసం వదిలిన ఖాళీల్లో మన ఆట పేరు నింపుతుంది. శుభలేఖలో వధూవరుల పేర్లు మార్చి అచ్చు వేసినట్టే. ‘బెవీ న్యూ 2డి’ నమూనాలో మెనూ తెరలతో పాటు, విండోస్, మ్యాక్, లైనక్స్, వెబ్‌లకు ఆటను సిద్ధం చేసే ఏర్పాటు కూడా ఉంటుంది.

ఇందులో మాయ లేదు. అనుభవజ్ఞులు పడిన తిప్పలు మనం మళ్లీ పడకుండా ఫైళ్లలో దాచిన జ్ఞానం ఉంది. కాబట్టి మొదటి ఆటకు ‘కార్గో న్యూ’తో మొదలుపెట్టి, మిగతాది చేత్తో కట్టండి. రెండో ఆటకు నమూనా వాడండి. అప్పుడు ఏ ఫైలు ఎందుకుందో మీకు తెలిసే ఉంటుంది.