బండి ఎక్కనని మొరాయించే కుక్కకు భయం పోగొట్టడం ఎలా?

కుక్క కాటుతో వచ్చేవారిని మేము ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కరిచింది ఊరకుక్కా, పెంపుడు కుక్కా? దానికి టీకా వేయించారా?" పెంపుడు కుక్కే అన్నవారిలో కొందరు ఇలా చెబుతుంటారు: "లేదండి. ఆటో ఎక్కించబోతే కాళ్లు బిగబట్టి కూర్చుంటుంది. కారులో పెడితే వాంతి చేసుకుంటుంది. అందుకే తీసుకెళ్లలేదు."

వినడానికి ఇది చిన్న విషయమే. కాని టీకా లేని కుక్క ఇంట్లో ఉంటే మొదటి ప్రమాదం దానితో ఆడుకునే పిల్లలకే. రేబిస్ లక్షణాలు కనిపించిన తర్వాత మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం. రాకుండా ఆపడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. అందుకే ఈసారి కుక్క ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము.

భయం ఎందుకు కలుగుతుంది?

దీనికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి. మొదటిది కడుపులో తిప్పడం. శరీరం ఒరగకుండా నిలబెట్టే భాగం చెవి లోపల ఉంటుంది. కుక్కపిల్లల్లో అది ఇంకా పూర్తిగా ఎదగదు కాబట్టి వాటికి వాంతులు ఎక్కువ. చాలా పిల్లలకు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. రెండవది ఇంజను శబ్దం, హారన్లు, కుదుపులు. మూడవది జ్ఞాపకం. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ తన పరిశోధనల్లో ఒక సంగతి గమనించారు. అన్నం పెట్టే ముందు ప్రతిసారీ ఒకే శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దం వినగానే కుక్క నోట్లో నీరూరుతుంది. భయం కూడా ఇలాగే అలవాటవుతుంది. బండి ఎక్కిన ప్రతిసారీ సూదిమందే ఎదురైతే, బండిని చూడగానే కుక్క వణుకుతుంది. అది మొండితనం కాదు. కొట్టినా, ఈడ్చినా భయం రెట్టింపవుతుంది. బెదిరిన కుక్క యజమానినే కరవవచ్చు.

ఊరకే ఆవలించడం, మాటిమాటికీ పెదవులు నాకడం, చొంగ కార్చడం, తోక కాళ్ల మధ్య దాచుకోవడం, రొప్పడం భయానికి గుర్తులు. వాంతి దాకా రాకముందే వీటిని గమనించండి.

రోజుకొక మెట్టు

టీకా రోజుకు మూడు, నాలుగు వారాల ముందే మొదలుపెట్టండి. రోజూ ఐదు నిమిషాలు చాలు.

1. ఆగి ఉన్న బండి దగ్గరకు తీసుకెళ్లి, ఉడికించిన కోడిమాంసం ముక్కో, గుడ్డు ముక్కో పెట్టి వెనక్కు తీసుకురండి.

2. తలుపులు తెరిచి, అది రోజూ పడుకునే గోతాన్నో, పాత దుప్పటినో లోపల పరవండి. తనంతట తాను ఎక్కనివ్వండి. ఎక్కగానే తినడానికి ఇవ్వండి.

3. బండి కదపకుండా ఇంజను మాత్రం వేసి ఆపండి.

4. వీధి చివరి దాకా వెళ్లి తిరిగి రండి.

5. తర్వాత దానికి ఇష్టమైన చోటికి తీసుకెళ్లండి. మన అమరావతిలో చల్లని వేళ కృష్ణ ఒడ్డు దాకా వెళ్లి, కాసేపు నడిపించి తీసుకురావచ్చు.

ఒక మెట్టు మీద కుక్క కుదురుగా ఉంటేనే తర్వాతి మెట్టుకు వెళ్లండి. బెదిరితే ఒక మెట్టు వెనక్కు రండి. కారు లేనివారు తెలిసిన ఆటో అతన్ని అడిగి ఇదే పద్ధతి పాటించవచ్చు.

ప్రయాణం రోజున

బయలుదేరే ముందు మూడు, నాలుగు గంటలు తిండి పెట్టకండి. కొద్దిగా నీరు పట్టవచ్చు. కాసేపు నడిపించి, ఒంటికి, రెంటికి వెళ్లనివ్వండి. కారులో వెనుక సీటులో ఉంచి, ఛాతీ చుట్టూ వేసే బెల్టుతో కట్టండి. అద్దం కొంచెం దించండి గాని తల బయట పెట్టనివ్వకండి. ఆటోలో అయితే కాళ్ల దగ్గర కింద కూర్చోబెట్టి, తాడు పెద్దవారే పట్టుకోవాలి. కరిచే స్వభావం ఉంటే మూతికి చిక్కం వేయండి. అది నోరు తెరిచి రొప్పగలిగేంత వదులుగా ఉండాలి.

ఇంత చేసినా వాంతులు తగ్గకపోతే పశువైద్యుని అడగండి. కుక్కలకు దీనికోసం వేరే మందులున్నాయి. మనుషుల మాత్రలు ఇవ్వకండి. మనం జ్వరానికి, నొప్పులకు వాడే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వాటికి విషమవుతాయి.

ఎండాకాలంలో సత్తెనపల్లికో, గుంటూరుకో వెళ్లినప్పుడు కుక్కను మూసిన కారులో వదిలి దిగకండి. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే ఒళ్లు చల్లబరచుకోవాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

ప్రయాణపు చొంగ బండి దిగాక తగ్గిపోతుంది. బండి ఎక్కకపోయినా చొంగ కారుతూ, మింగలేకపోతూ, కుక్క ప్రవర్తన హఠాత్తుగా మారితే అది రేబిస్ కావచ్చు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చేయి పెట్టకండి. పిల్లల్ని దూరంగా ఉంచి పశువైద్యునికి కబురు చేయండి.

కుక్క కరిచినా, గీరినా, పుండు మీద నాకినా వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి రండి. టీకా వేయించిన కుక్కే అయినా డాక్టరుకు చూపించండి. చెప్పిన తేదీల్లో సూదిమందులన్నీ పూర్తి చేయండి.

1885 జులై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ల బాలునికి రేబిస్ టీకా వేయించి కాపాడారు. ఆ రోజు గుర్తుగా జరిపే జూనోసిస్ దినాన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. జులై 6న తీసుకెళ్లాలంటే జూన్ మొదట్లోనే దానికి బండి అలవాటు చేయండి. ఈ సాయంత్రమే మొదటి మెట్టు మొదలుపెట్టినా తొందరేమీ కాదు.