తెలుగు వాడుకలో ఆంగ్ల క్రియలు

విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల వాడుక తెలుగులో ఆంగ్ల క్రియలు సాధారణంగా కాల ప్రత్యయాలను వదలి ధాతురూపంలో వస్తాయి. కాలము, పురుష, వచనములను పక్కనున్న "చేయు", "అవు" అనే తెలుగు క్రియలు తెలుపుతాయి. ఈ పద్ధతి మిగిలిన తెలుగు ప్రాంతాలలోనూ ఉన్నదే.

ప్రకాశం బ్యారేజీ నుండి "నీళ్ళు రిలీజ్ చేశారు" అన్నప్పుడు విడిచినవారు ఉన్నారని క్రియే చెబుతుంది. "నీళ్ళు రిలీజయ్యాయి" అంటే వారి ప్రసక్తి లేదు. వ్యతిరేకార్థంలో ఇది "రిలీజ్ కాలేదు" అవుతుంది. ఆంగ్లంలో ఈ రెండవ వాక్యానికి సాధారణంగా కర్మణి ప్రయోగం కావాలి. తెలుగులో ఆ పని "అవు" నెరవేరుస్తుంది. "విడువబడినవి" అని ఎవరూ మాట్లాడరు గదా!

చిక్కు ఇక్కడే వస్తుంది. "ఉద్యోగానికి సెలెక్టయ్యాను" అనే అలవాటుతో ఇంటర్వ్యూలో "ఐ సెలెక్టెడ్" అంటే, ఎంపిక చేసినవాడు తానే అని అర్థం. "ఐ వాజ్ సెలెక్టెడ్" అనాలి. అలాగని "అవు" ఉన్న ప్రతిచోటా "వాజ్" చేర్చరాదు. "డిసైడయ్యాను" అనే మాటకు ఆంగ్లంలో "ఐ డిసైడెడ్" అనే కర్తరి వాక్యమే సరి. "ఫీలయ్యాడు" (నొచ్చుకున్నాడు) కూడా ఇటువంటిదే.

"బోరు కొట్టు", "టెన్షన్ పడు" అనేవాటిలో ఆంగ్లపదం నామవాచకం కనుక అవి వేరు.