గడగడా చదివేస్తాడు... అర్థమవుతోందా?

ఫలక్‌నుమా స్టేషన్లో ఎంఎంటీఎస్ దిగిన బడిపిల్లాణ్ని ఎవరినైనా ఆపి, బోర్డు మీద ఇంగ్లిషులో ఏం రాసుందో చదవమనండి. తడుముకోకుండా చెప్పేస్తాడు. హుప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట... కాచిగూడ దాకా ఏ బోర్డయినా అంతే. అదే పిల్లాడి చేతిలో ఇంగ్లిషు వాచకం పెట్టి ఓ పేరా చదవమంటే? రెండో వాక్యానికే గొంతు తగ్గిపోతుంది. లేదంటే గడగడా చదివేసి, ‘ఇందులో ఏముందిరా?’ అనగానే బిక్కమొహం వేస్తాడు.

అక్షరాలు అవే ఇరవయ్యారు. మరి తేడా ఎక్కడ? స్టేషన్ల పేర్లు వాడికి ముందే తెలుసు. చెవికి తెలిసిన మాటని కన్ను ఇట్టే పట్టేస్తుంది. తెలియని మాటైతే ఎంత కూడబలుక్కున్నా శబ్దమే మిగులుతుంది, అర్థం రాదు.

ఇదివరకు ఇది ఒక్క ఇంగ్లిషు సబ్జెక్టు గొడవ. ఇప్పుడలా కాదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లిషు మీడియం మొదలైంది. చదివింది అర్థంకాకపోతే సైన్సు పోతుంది, సోషల్ పోతుంది. లెక్క చేయడం వచ్చినా, లెక్కలో ఏమడిగారో తెలియక మార్కులు పోతాయి!

గుణింతానికి లొంగదు

తెలుగులో గుణింతం వచ్చిందంటే ఏ పుస్తకమైనా పైకి చదివేయొచ్చు. రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిషు అలా కాదు. బీ-యూ-టీ ‘బట్’ అయితే పీ-యూ-టీ ‘పుట్’. ‘నైట్’ అంటే రాత్రి. దాని ముందు ఓ ‘కే’ చేర్చినా పలకడం నైటే, అర్థం మాత్రం వీరుడు.

ఉర్దూ ఇంటి పిల్లలకి ఇంకో తిప్పలు. వాళ్ల కన్ను కుడి నుంచి ఎడమకి నడవడం నేర్చింది. అయితే వాళ్లకో లాభమూ ఉంది. ఉర్దూ రాతలో పొట్టి అచ్చుల గుర్తులు మామూలుగా వేయరు. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి పోల్చుకుని చదవాల్సిందే. ఇంగ్లిషుకీ పనికొచ్చే విద్యే అది. ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం వచ్చిన పిల్లాడు ఆ నేర్పుని మరో భాషలోకీ తీసుకెళ్తాడు. కాబట్టి ‘ఇంగ్లిషు రావాలంటే తెలుగు, ఉర్దూ మానేయాలి’ అనుకోవడం పొరపాటు.

ఢాకాలో దొరికిన కిటుకు

ఈ సమస్య ఇవాళ్టిది కాదు. వందేళ్ల కిందట మైకేల్ వెస్ట్ అనే ఆంగ్లేయుడు ఢాకాలో విద్యాశాఖలో పనిచేశాడు. బెంగాలీ పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లిషు నేర్చుకున్నా సొంతంగా ఓ పుస్తకం చదవలేకపోవడం గమనించాడు. తప్పు పిల్లలది కాదు, వాచకాలదే అన్నాడు. పేజీకి బోలెడు కొత్త మాటలు. వచ్చినవి మళ్లీ కనిపించవు. అందుకే కొత్త మాటలు తగ్గించి, వచ్చినవే మళ్లీమళ్లీ వచ్చేలా కథల పుస్తకాలు తయారుచేశాడు. తరచూ వాడే సుమారు రెండువేల మాటల జాబితా 1953లో అచ్చువేయించాడు. మామూలు ఇంగ్లిషు పుస్తకంలో నూటికి దాదాపు 80 మాటలు అవే ఉంటాయి!

మరి హాయిగా అర్థం కావాలంటే నూటికి ఎన్ని తెలియాలి? దాదాపు 98 అని 2000లో వచ్చిన ఓ పరిశోధన తేల్చింది. అంటే యాభై మాటలకి ఒక్కటే తెలియంది ఉండాలి. ఐదో తరగతి పిల్లాడికి రెండో తరగతి స్థాయి కథ ఇవ్వడం నామోషీ కాదన్నమాట.

చెరకు తోటల దేశంలో...

ఫిజీ దీవుల సంగతి వినండి. చెరకు తోటల్లో పనికి వెళ్లిన మన తెలుగువాళ్ల సంతతి కూడా అక్కడుంది. 1980లో ఎనిమిది పల్లెటూరి బడుల్లో, ఇంగ్లిషు ఇంటిభాష కాని పిల్లలకి బొమ్మలున్న కథల పుస్తకాలు ఇచ్చారు. తరగతికి 250 చొప్పున! వాటిని రోజూ కాసేపు చదివించారు. వాళ్లు మామూలుకన్నా రెండింతల వేగంతో చదవడం నేర్చారు. ఆ మరుసటి ఏడాదికల్లా ఆ ఫలితం రాయడంలో, వ్యాకరణంలో కూడా కనిపించింది. అప్పజెప్పించడం కన్నా ఆసక్తిగా చదివించడమే పనిచేసింది.

ఇంట్లో ఏం చేయాలి?

‘నాకే ఇంగ్లిషు రాదు, వాడికేం చెప్పను?’ అనుకునే తల్లులు చాలామంది. దిగులు పడకండి. ఇంగ్లిషు రానివాళ్లు కూడా చేయించగల పనులివి.

* ఐదువేళ్ల పరీక్ష: సుమారు రెండొందల మాటలున్న పేజీ తీసి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఓ వేలు ముడవాలి. ఐదూ ముడుచుకున్నాయా... ఆ పుస్తకం ఇప్పుడొద్దు, ఇంకా తేలికది వెతకండి.

* చదివాక కథేమిటో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పించుకోండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. ‘తర్వాత ఏమైంది?’ అని అడగడానికి ఇంగ్లిషు అక్కర్లేదు.

* ఒకే చిన్న పేరాని మూడు నాలుగుసార్లు చదివించండి. మొదట తడబడినవాడే చివరికి సాఫీగా చదువుతాడు. అక్షరాలతో కుస్తీ తగ్గితే మనసు అర్థం మీదకి పోతుంది.

* ప్రతి మాటకీ నిఘంటువు తీయనివ్వొద్దు. ముందు ఊహించమనండి, పేజీ అయ్యాక చూడమనండి.

* వారానికో రోజు మూడు గంటలు కాదు, రోజూ పావుగంట.

పుస్తకాలు కొనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఇంగ్లిషు, తెలుగు, ఉర్దూ కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ఒకే కథని ముందు ఇంటిభాషలో, తర్వాత ఇంగ్లిషులో చదివించొచ్చు. కథ ముందే తెలుసు కాబట్టి స్టేషన్ బోర్డు చదివినంత తేలిక! కాస్త పెద్ద పిల్లలైతే సెలవు రోజున అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి తీసుకెళ్లండి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది అదే.

ఫలక్‌నుమా కొండమీది ప్యాలెస్‌లో ఓ అందమైన గ్రంథాలయం ఉంది. ఇంగ్లండులోని విండ్సర్ కోటలో ఉన్నదాన్ని చూసి కట్టించారంటారు. 2010 నుంచి ఆ ప్యాలెస్ హోటలైంది. అందులోకి అందరూ వెళ్లలేరు. కొండకింద ఇంట్లో గూట్లో పది కథల పుస్తకాలు, వినడానికి పక్కన ఓ అమ్మ... పిల్లాడికి ఆ మాత్రం గ్రంథాలయం చాలు, మొదలుపెట్టడానికి.